ఫ్రాంకెన్‌స్టైన్‌ని దెయ్యం కథ అని పక్కన పెట్టొద్దు

మేరీ షెల్లీ రాసిన ఫ్రాంకెన్‌స్టైన్ నవలని మా పదో తరగతి వాళ్లం ఈ సంవత్సరం లైబ్రరీ పీరియడ్‌లో చదువుతున్నాం. ఇది కొందరు పెద్దలకి నచ్చలేదు. వచ్చే ఏడాది నుంచి ఈ పుస్తకం వద్దు, ఆ పీరియడ్‌ని కూడా పరీక్షల తయారీకే ఇవ్వాలి అని మాట నడుస్తోంది. వాళ్లు చెప్పే కారణాలు మూడు. ఒకటి, అది దెయ్యం కథ, పిల్లల మనసు పాడవుతుంది. రెండు, అది పరీక్షకి రాదు. మూడు, కారియాపట్టిలో తెలుగు మీడియం చదివే పిల్లలకి ఎక్కడో ఇంగ్లాండు దేశపు పాత నవలతో ఏం పని? ఈ మూడు మాటలూ సరి కావని నేను అనుకుంటున్నాను. ఎందుకో ఒక్కొక్కటిగా చెప్తాను. చిన్నవాళ్లు పెద్దవాళ్లతో వాదం పెట్టుకుంటున్నారని కోపం తెచ్చుకోకుండా చివరిదాకా చదవమని తల్లిదండ్రుల్ని అడుగుతున్నాను.

ముందు కథ తెలియని వాళ్ల కోసం నాలుగు మాటలు. విక్టర్ ఫ్రాంకెన్‌స్టైన్ జెనీవా అబ్బాయి. జర్మనీలోని ఇంగోల్‌స్టాట్ యూనివర్సిటీలో చేరి రసాయన శాస్త్రం చదువుతాడు. ప్రాణం ఎలా పుడుతుందో కనిపెట్టాలని సమాధుల్లోంచి, కోత గదుల్లోంచి శరీర భాగాలు తెచ్చి, ఇంటికి ఉత్తరం ముక్క కూడా సరిగ్గా రాయకుండా పనిచేసి, ఎనిమిది అడుగుల మనిషిని తయారు చేస్తాడు. ఆ ప్రాణి కళ్లు తెరుస్తుంది. దాని ముఖం చూసి విక్టర్ జడుసుకుని గది వదిలి పారిపోతాడు. దానికి పేరు కూడా పెట్టడు. ఫ్రాంకెన్‌స్టైన్ అంటే భూతం పేరు అని చాలామంది అనుకుంటారు. కాదు. అది తయారు చేసి వదిలేసిన వాడి పేరు. దిక్కు లేని ఆ ప్రాణి ఊళ్ల వెంట తిరుగుతుంది. చూసినవాళ్లు రాళ్లు విసురుతారు. నీళ్లలో మునిగిపోతున్న అమ్మాయిని కాపాడితే తుపాకీతో కాలుస్తారు. చివరికి దాని మనసులో పగ పుడుతుంది. విక్టర్ తమ్ముణ్ణి, స్నేహితుణ్ణి, పెళ్లి రోజు రాత్రే భార్యని చంపుతుంది. దాన్ని వెంటాడుతూ ఉత్తర ధ్రువం దాకా పోయిన విక్టర్ ఒక ఓడలో చనిపోతాడు.

ఇప్పుడు మొదటి మాటకి వస్తాను. ఇందులో దెయ్యం ఎక్కడుంది? మంత్రం లేదు, శాపం లేదు, చచ్చినవాళ్ల ఆత్మ లేదు. ఇలాంటి నవలల్ని గోథిక్ నవలలు అంటారు. 1764లో హోరేస్ వాల్పోల్ రాసిన నవలతో ఇవి మొదలయ్యాయి. పాడుబడిన కోటలు, చీకటి, తుఫాను, దెయ్యాలు వాటిలో మామూలు. మేరీ షెల్లీ చీకటిని, సమాధుల్ని ఉంచింది. దెయ్యాన్ని తీసేసి ఆ చోట ఒక కాలేజీ కుర్రాణ్ణి పెట్టింది. కాబట్టి ఈ పుస్తకంలో భయం మనిషి చేసిన పని నుంచి పుడుతుంది. రాత్రి తొమ్మిదింటికి ఇంటిల్లిపాదీ కూర్చుని పాము పగబట్టే సీరియల్ చూస్తాం. అప్పుడు పాడవని మనసు ఈ పుస్తకంతో పాడవుతుందా?

ఇంకో సంగతి. పచ్చటి ముఖం, మెడకి రెండు ఇనప మేకులు, తడబడే నడక, ఇవన్నీ సినిమా వాళ్లు తెచ్చినవి. 1931లో వచ్చిన హాలీవుడ్ సినిమాలో ఆ ప్రాణికి మాటలే రావు. పుస్తకంలో అది చక్కగా మాట్లాడుతుంది, ప్లూటార్క్‌ని, మిల్టన్‌ని చదువుతుంది, తనని ఎందుకు వదిలేశావని విక్టర్‌ని నిలదీస్తుంది. సినిమా దాని నోరు మూసేసింది. బొమ్మ చూసి పుస్తకం వద్దనేవాళ్లు ఆ సినిమాని వద్దంటున్నారు కానీ మేరీ షెల్లీ పుస్తకాన్ని కాదు.

ఆ కాలపు సైన్సు తెలిస్తే ఇది గాలి కథ కాదని తెలుస్తుంది. ఇటలీలో బొలోనా ఊళ్లో లుయిజీ గల్వానీ అనే ఆయన చచ్చిన కప్ప కాలికి లోహాలు తగిలిస్తే ఆ కాలు ఎగిరిపడడం చూసి, 1791లో ఆ సంగతి ప్రచురించాడు. జంతువుల ఒంట్లోనే కరెంటు ఉందన్నాడు. వోల్టా ఒప్పుకోలేదు, కరెంటు రెండు లోహాల వల్ల వచ్చిందన్నాడు. ఆ వాదంలోంచే 1800లో బ్యాటరీ పుట్టింది. గల్వానీ మేనల్లుడు అల్దీనీ 1803లో లండన్‌లో ఉరి తీసిన ఖైదీ శవానికి బ్యాటరీ తీగలు తగిలించాడు. దవడ వణికింది, ఒక కన్ను తెరుచుకుంది. శవం లేచిందేమో అని చూసినవాళ్లలో కొందరు బెదిరారు. హంతకుల్ని ఉరి తీశాక శవాన్ని కోసి పరీక్షించడానికి వైద్యులకి ఇవ్వాలని 1752 నుంచే అక్కడ చట్టం ఉంది. మేరీకి అప్పటికి అయిదేళ్లు. ఆమె పెరిగిన ఇంట్లో తండ్రి విలియం గాడ్విన్ దగ్గరికి రచయితలు, శాస్త్రవేత్తలు వచ్చి ఇవే మాట్లాడుకునేవారు. నవల రాసే రోజుల్లో ఆమె హంఫ్రీ డేవీ రసాయన శాస్త్ర పుస్తకం చదివింది.

నవలలో విక్టర్‌కి పదిహేనేళ్లప్పుడు ఇంటి దగ్గర ఓక్ చెట్టు మీద పిడుగు పడి, చెట్టు చీలికలు చీలికలైపోతుంది. అది ఎలా జరిగిందని ఆ అబ్బాయి అడుగుతాడు. నా వయసు కూడా పదిహేనే. ఉరిమితే మా ఇంట్లో అర్జునా ఫల్గుణా అనుకుంటాం. అనుకోవడంలో తప్పు లేదు. తర్వాత అది ఎలా జరిగిందని కూడా అడగాలి కదా. ఆ ప్రశ్న అడగడం నేర్పే పుస్తకాన్ని దెయ్యం కథ అంటే ఎట్లా?

రెండో మాట పరీక్ష. మా పదో తరగతి సైన్సులో విద్యుత్తు ఉంది, నాడీ మండలం ఉంది. నరాల్లో కబురు విద్యుత్ రూపంలో పోతుందని మేం బట్టీ పట్టి రాస్తాం. కప్ప కాలు సంగతి విన్న తర్వాత ఆ పాఠం బట్టీ పట్టక్కర్లేకుండానే గుర్తుండిపోయింది. సోషల్‌లో పాలెగాళ్ల తిరుగుబాటు ఉంది, పారిశ్రామిక విప్లవం గురించి ముందు క్లాసుల్లో చదివాం. మాకు తెలుగు, తమిళం, ఇంగ్లీషు మూడు భాషల బరువు ఉందని పెద్దలు జాలి పడుతున్నారు. నిజమే, బరువే. కానీ ఏ పాఠానికి ఆ పాఠం విడివిడిగా మోస్తేనే అంత బరువు. ఒక్క నవల సైన్సునీ, చరిత్రనీ, ఇంగ్లీషునీ ఒక తాడుతో కడుతుంది. కట్టిన మోపు మోయడం తేలిక అని పొలం పని చేసేవాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

మూడో మాటే నాకు ఎక్కువ బాధ కలిగించింది. మనకేం పని అనే మాట. ఈ పుస్తకానికీ మన దేశానికీ సంబంధం ఉంది, చూడండి.

1815 ఏప్రిల్‌లో ఇప్పటి ఇండొనీషియాలోని తంబోరా అగ్నిపర్వతం పేలింది. చరిత్రలో రాసి పెట్టిన పేలుళ్లలో అంత పెద్దది లేదంటారు. అది వదిలిన గంధకపు వాయువు ఆకాశంలో చాలా ఎత్తుకు పోయి, సన్నని బిందువుల తెరగా మారి, ఎండని కొంత అడ్డుకుంది. 1816లో యూరప్‌లో ఎండాకాలమే రాలేదు. పంటలు పోయి జనం ఆకలితో అల్లాడారు. అదే సంవత్సరం మన దేశంలో ఋతుపవనాలు గతి తప్పాయి. ఆ జూన్ నెలలోనే జెనీవా సరస్సు దగ్గర ఒక బంగళాలో, బయట ఎడతెగని వాన వల్ల కదల్లేక కూర్చున్న నలుగురైదుగురు స్నేహితులు తలా ఒక భయం కథ రాయాలని పందెం వేసుకున్నారు. ఆ మాట అన్నది కవి బైరన్. అందులో అందరికంటే పేరు తెచ్చుకున్న కథ 18 ఏళ్ల మేరీది. ఆశ్వయుజ, కార్తీక మాసాల వాన తప్పితే చెరువు ఎండి, నల్లరేగడి నేల నెర్రెలు విచ్చే ఊళ్లు మనవి. వాన తప్పిన సంవత్సరంలో పుట్టిన పుస్తకం మనకి పరాయిది ఎలా అవుతుంది?

చరిత్ర కూడా అంతే. కోవిల్‌పట్టి దగ్గర కయత్తారులో వీరపాండ్య కట్టబొమ్మనని కంపెనీ వాళ్లు ఉరి తీసింది 1799 అక్టోబరు 16న. ఆయన ఇంటి భాష తెలుగు. అప్పటికి మేరీ రెండేళ్ల పసిపిల్ల. ఇంకో రెండేళ్లకి మన ప్రాంతమంతా కంపెనీ చేతిలోకి పోయింది. 1831లో మేరీ తన నవలని దిద్ది మళ్లీ అచ్చు వేసినప్పుడు, విక్టర్ స్నేహితుడు క్లెర్వాల్ మన దేశానికి రావాలనుకున్నట్టు రాసింది. ఎందుకు? ఇక్కడి భాషలు నేర్చుకుని యూరప్ వాళ్ల వలసలకీ, వ్యాపారానికీ సాయపడదామని! మంచివాడుగా చూపించిన పాత్రే ఆ మాట అనుకుంటాడు. దీన్ని మనం చదవకపోతే, మన వైపు నుంచి దీన్ని అడిగేది ఎవరు?

మా తరగతిలోనే ఒక వాదం వచ్చింది. పంచతంత్రంలో ఇదే కథ ఉంది కదా, మళ్లీ ఇంగ్లీషు వాళ్ల దగ్గరికి పోవడం దేనికి అని. నలుగురు స్నేహితులు అడవిలో సింహం ఎముకలు చూస్తారు. ముగ్గురు విద్యావంతులు ఒకడు ఎముకలు కూర్చి, ఒకడు చర్మం కప్పి, ఒకడు ప్రాణం పోస్తారు. చదువు లేని నాలుగోవాడు ముందే చెట్టెక్కి బతికిపోతాడు. చాలా మంచి కథ. కానీ ఆ కథలో సింహానికి మాట లేదు. అది లేస్తుంది, తినేస్తుంది, అంతే. తనని ఎందుకు లేపారో, లేపాక తన గతి ఏమిటో అది అడగదు. మేరీ షెల్లీ సింహానికి నోరు ఇచ్చింది. తెలివి తక్కువ చదువు ప్రమాదం అని పంచతంత్రం చెప్తే, పుట్టించినవాడికి పెంచే బాధ్యత ఉంది అని ఈ నవల చెప్తుంది. రెండూ చదివితేనే ఆ తేడా తెలుస్తుంది.

ఇక్కడే గైడుల్లో కనిపించే నీతితో కూడా నాకు పేచీ ఉంది. దేవుడి పనిలో మనిషి వేలు పెట్టకూడదు, సైన్సు హద్దు దాటితే నాశనమే, ఇదే ఈ నవల నీతి అని రెండు లైన్లలో రాసేస్తారు. పుస్తకం పూర్తిగా చదివితే అలా అనలేం. విక్టర్ అసలు తప్పు చదవడమూ కాదు, తయారు చేయడమూ కాదు. కళ్లు తెరిచిన దాన్ని వదిలేసి పోవడం. అంతకంటే పెద్ద తప్పు మౌనం. తమ్ముణ్ణి చంపింది ఎవరో అతనికి అర్థమైంది. అయినా పనిమనిషి జస్టీన్ మీద నేరం మోపినప్పుడు కోర్టులో నోరు విప్పడు. నన్ను పిచ్చివాడంటారని ఊరుకుంటాడు. ఏ పాపం తెలియని జస్టీన్ ఉరికంబం ఎక్కుతుంది. ఆ ఉరికి కారణం సైన్సు కాదు, తెలిసినవాడు చెప్పకపోవడం.

ఇది మన జిల్లా పిల్లలకి మిగతా ఎవరికంటే బాగా అర్థం కావాలి. మనది శివకాశి ఉన్న జిల్లా. 1920లలో కలకత్తా పోయి అగ్గిపెట్టెల పని నేర్చుకొచ్చిన ఇద్దరి వల్ల ఆ ఊరికి ఆ పరిశ్రమ వచ్చింది, తర్వాత టపాసులు వచ్చాయి. వాన లేని నేలలో వేల ఇళ్లలో పొయ్యి వెలిగింది. అందుకే ఆ పనిని నేను తిట్టను. స్ట్రాన్షియంతో ఎరుపు, బేరియంతో ఆకుపచ్చ రంగు వస్తాయి. అది చక్కటి రసాయన శాస్త్రం. కానీ 2012 సెప్టెంబరు 5న ముదలిపట్టిలో టపాసుల ఫ్యాక్టరీ పేలి ముప్పై మందికి పైగా చనిపోయారు. 2024 మే 1న, కార్మికుల దినం నాడే, మన కారియాపట్టి దగ్గర రాతి క్వారీలో పేలుడు మందు పేలి కూలీలు చనిపోయారు. ప్రతిసారీ మనం అనే మాట ఒకటే, వాళ్ల ఖర్మ. పేలుడు మందుకి ఖర్మ తెలియదు. ఎంత వేడికి, ఎంత రాపిడికి అది అంటుకుంటుందో ముందే తెలిసినవాళ్లు ఉంటారు. ఆ తెలిసినవాళ్లు దాన్ని ఎలా దాచారు, పనివాళ్లకి ఏం చెప్పారు, ఏం జాగ్రత్త పెట్టారు అని అడగడం నేర్పే కథ ఇది. రేపు మాలో కొందరు ఆ ఫ్యాక్టరీల్లో పనివాళ్లవుతారు, కొందరు సూపర్‌వైజర్లవుతారు, కొందరు కెమిస్ట్రీ చదువుతారు. విక్టర్ కథ తెలియకుండా ఆ మందు దగ్గరికి పోవడం మంచిదా?

చివరగా భాష సంగతి. నవలలో నాకు అన్నిటికంటే నచ్చిన భాగం అది. ఆ ప్రాణి ఒక పేద కుటుంబం ఇంటిని ఆనుకున్న పాకలో దాక్కుంటుంది. గోడ సందులోంచి చూస్తూ, వింటూ భాష నేర్చుకుంటుంది. మొదట నేర్చుకున్న మాటలు నిప్పు, పాలు, రొట్టె, కట్టెలు. అదే ఇంట్లో ఒక విదేశీ అమ్మాయికి భాష నేర్పిస్తుంటే దొంగచాటుగా తానూ అక్షరాలు నేర్చుకుంటుంది. మన ఇళ్లలో తెలుగు అలాగే వచ్చింది కదా! మా అవ్వ తెలుగు మాట్లాడుతుంది, ఒక్క అక్షరం చదవలేదు. నాయనకి తమిళం చదవడం వచ్చు, తెలుగు రాదు. మా ఇంట్లో తెలుగు అక్షరం నాతోనే మొదలైంది. ఆ అక్షరంతో ఏం చదవాలో, ఏం చదవకూడదో గోడ కట్టి చెప్పడం న్యాయమా? కోవిల్‌పట్టి పక్కన ఇడైసేవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ ఇంటి భాష తెలుగు. ఆయన తెలుగువాళ్లు ఇటు వలస వచ్చిన కథని తమిళంలో నవలగా రాశారు. దాని తరువాయి నవలకి 1991లో సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది. ఒక భాష వాళ్ల కథ ఇంకో భాష వాళ్లకి ఎందుకు అని ఆయన అనుకుని ఉంటే మన పూర్వీకుల కథ ఎవరికీ తెలిసేది కాదు.

మేరీ గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఆడవాళ్ల హక్కుల కోసం 1792లో పుస్తకం రాసిన మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ ఆమె తల్లి. మేరీ పుట్టిన పదకొండు రోజులకే ఆ తల్లి చనిపోయింది. 1815లో మేరీకి నెలలు నిండకుండా పుట్టిన మొదటి బిడ్డ కొద్ది రోజులకే పోయింది. బిడ్డని నిప్పు దగ్గర పెట్టి ఒళ్లు రుద్దితే లేచినట్టు కల వచ్చిందని ఆమె డైరీలో రాసుకుంది. చనిపోయినవాళ్లు లేస్తే బాగుండు అనే కోరిక ఎక్కడి నుంచి వచ్చిందో దీన్ని బట్టి ఊహించుకోవచ్చు. 1818 జనవరి 1న పుస్తకం వచ్చినప్పుడు దాని మీద ఆమె పేరు లేదు. అచ్చు వేసింది 500 కాపీలు. మగవాడు రాశాడనే చాలామంది అనుకున్నారు. పద్దెనిమిదేళ్ల అమ్మాయి రాయగలిగిన పుస్తకాన్ని పదిహేనేళ్ల మేం చదవలేమా?

అందుకని మా కోరికలు ఇవి. లైబ్రరీ పీరియడ్‌ని తీసేయకండి. ఈ నవల చదివే నెలలో సైన్సు సార్ ఒక పీరియడ్, సోషల్ మిస్ ఒక పీరియడ్ ఇచ్చి ఆ కాలపు సంగతులు చెప్పనివ్వండి. ఇంగ్లీషులో చదివిన దాన్ని తెలుగులో మాట్లాడుకోనివ్వండి, తెలుగులో రాయనివ్వండి. ఆ రాసినవాటిలో మంచివి ఈ పత్రికలోనే వేయండి. పంచతంత్రం కూడా పక్కనే పెట్టి చదువుతాం.

తల్లిదండ్రులకి ఒక మనవి. ఆ నవలలో ఆ ప్రాణిని తరిమిన ఊరివాళ్లు ఎవరూ చెడ్డవాళ్లు కాదు. ముఖం చూశారు, భయపడ్డారు, రాయి తీశారు. దాని మాట విన్నది ఒక్క గుడ్డి తాత. ఆయనకి దాని ముఖం కనిపించలేదు కాబట్టి విన్నాడు. మీరు కూడా అట్ట మీద బొమ్మ వదిలేసి, మీ పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని కథ చెప్పించుకోండి. ఇరవై నిమిషాలు చాలు. విన్న తర్వాత కూడా వద్దంటే అప్పుడు మీ కారణాలు మాకు చెప్పండి, మేం వింటాం.